పదకొండు ఒకట్లు

1956, కడప. హైస్కూలు లెక్కల అయ్యవారు ఓబుళయ్య టీచర్ల సభ నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా వంటింటి గడపలో నిలబడ్డాడు. భార్య కృష్ణవేణమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. ఆయన నోట అన్ని మాటలు ఒక్కసారిగా రావడం ఆ ఇంట్లో అదే మొదలు.

“ఇంగోసారి అడుగుతాండా. ఆ అంకె వేసినావా లేదా?”

“ఏ అంకె? వచ్చీ రాకనే ఏమయ్యా ఈ అరుపులు? కాళ్ళు కడుక్కో. సంగటి చల్లారిపోతాది.”

“సంగటి తీసకపోయి బాయిలో పడెయ్! ఇరవైయొక్క వేల ఆరునూర్ల నలభైతొమ్మిది. వేసినావా?”

“నువ్వు చెప్పినవన్నీ వేసినా.”

“వేసింటే నా మొగాన ఈ పేడనీళ్ళు ఎట్ల పడినాయి? అంతమంది ముందర లేసి చెప్పినానే! పదకొండు ఒకట్లు వరసగా రాస్తే వచ్చే అంకె ప్రధాన సంఖ్య, దాన్ని ఏ అంకే శేషం లేకుండా తెంచలేదు, నాలుగేండ్లు భాగారాలు చేసి చూసినాను అని!”

“చేసినాము అన్లేదా? నేను చేసిన సంగతి చెప్పలేదా?”

“నీ సంగతి ఏంటికిప్పుడు? మద్రాసు నుంచి వచ్చినాయన కూర్చున్న చోటనే అడిగినాడు, ఫలానా అంకెతో భాగించి చూసినారా అయ్యవారూ అని. బోర్డు మీద నా చేత్తోనే చేసినా. శేషం సున్నా! అందరూ నగినారు. మా డ్రాయింగు నబీ సాహెబు గూడా నగినాడు.”

“నగితే నగనీ. అంత పెద్ద అంకె గదా, ఎవురికైనా...”

“నోరు ముయ్! దాన్ని తెంచే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, ఇరవైరెండుతో భాగిస్తే ఒకటి మిగలాల. అట్లాంటివే ఏరి ఏరి ఇచ్చినా గదా నీకు! పొద్దు గూకితే నేను అరుగు మీద కూర్చోని అంకె చెప్పేది. నువ్వు వాకిట్లో బండల మీద సుద్దముక్కతో భాగారం చేసేది, శేషం చెప్పేది, తుడిచేసేది. ఇంతే గదా నీ పని?”

“ఇంతే.”

“మరి దానికి శేషమెంత చెప్పినావు?”

“ఎప్పటి మాట! గుర్తు లేదు.”

“నాకు గుర్తుండాది! ఆ పొద్దు తుడిచి మళ్ళా వేసినావు. ఏమైందంటే, ఏం లేదు, పదిహేడు అన్నావు.”

“అన్నానేమో.”

“ఏమో ఏంది? తప్పు పోయింది, ఒప్పుకో!”

“తప్పు పోలేదు.”

“ఏం?”

“నా భాగారం తప్పు పోదు. మళ్ళా వేసినా సున్నానే వచ్చింది.”

“సున్నా... అని తెలిసే పదిహేడు అన్నావా?”

“తెలిసే అన్నా. అరవద్దు, పక్కింటి మౌలాబీ వింటాది.”

“విననీ! ఊరంతా విననీ! మొదటేడే తెగిపోయిన అంకెను పట్టుకోని, తక్కిన ఏండ్లన్నీ నన్ను గానుగెద్దును తిప్పినట్ల తిప్పినావు గదే! ఏం పాపం చేసినా నీకు? తాగొచ్చి కొట్టినానా?”

“కొట్టలేదు. తిట్టను గూడా లేదు.”

“మరేంటికి? ఏంటికీ అని!”

“వెలుగుకు అడ్డం జరుగు. బియ్యంలో రాళ్ళు కనపడలేదు.”

“చెప్పవా? సరే. రేపట్నుంచి లెక్కా లేదు, సుద్దముక్కా లేదు. నీతో నాకు ఇంగ మాటే లేదు!”

“ఆ లెక్కకు ముందర మాత్రం ఉన్నిందా? చెప్పు! కాపురానికొచ్చినాక ఈ ఇంట్లో నీ గొంతెట్లుంటాదో నాకు తెలీదు. పెడితే తినేది, కండువా వేసుకోని పోయేది. కూర బాగుండాదా అంటే తలకాయ ఊపేది. ఆ లెక్క పెట్టుకున్నాకనే గదా, దినామూ నా దిక్కు తిరిగి ‘శేషమెంత’ అని అడిగినావు! ఆ పొద్దు సున్నా అని చెప్పింటే, మరుసటి దినం నన్ను ఏమని పలకరించేవాడివయ్యా?”