నిద్రలకెల్లి దిగిన సినిమ

మొయినాబాద్ మెయిన్ రోడ్డు మీద భిక్షం చాయ్ హోటల్ల ఆ పొద్దు వానకు చిక్కినోళ్లు కొద్దిమందే. చేవెళ్ల మార్కెట్ల టమాటలు దించి ఖాళీ ట్రాలీ ఆటోతోని వాపస్ వస్తున్న జైపాల్ ఒకడు. పక్కనే మొబైల్ దుకాణం నడిపే ఎల్లేశ్ ఇంకొకడు. ఫోన్‌కు కొత్త గ్లాసు ఏపిచ్చుకుందామని కనకమామిడి నుంచి వచ్చిన కవిత, వాన తగ్గేదాక ఆగుదామని మూలకు కూసున్నది.

కవిత మొకం వాడిపోయి ఉన్నది. ఆమె పాటలు కడతది, తనే పాడుతది. మొన్నీమధ్య ఒక పాట కట్టి, పాడి, తన చానెల్ల పెట్టుకున్నది. ఎవడో ఆ పాటను ఎత్తుకపోయి, ఇంకో పిల్లతోని పాడించి, సొంత పాటని పేరేసుకున్నడు. కవిత పెట్టిందాన్ని ఊరోళ్లు తప్ప ఎవ్వలు చూడలె. వాడు పెట్టింది మాత్రం పెండ్లి బరాత్‌లల్ల డీజే మీద మోగుతున్నది.

"ఫికర్ ఎందుకు చెల్లె?" అన్నడు ఎల్లేశ్. "కోడిని ఎత్తుకపోతె గూడు ఖాళీ అయితది, గది దొంగతనం. నీ పాట నీకాడనే ఉన్నది గద! వాడు కాపీ చేసుకున్నడు, గంతే."

కవిత చాయ్ గిలాసను రెండు చేతులల్ల పట్టుకొని రోడ్డు దిక్కు చూసింది.

ఎల్లేశ్‌కు ఆ చూపు మంచిగ అనిపియ్యలె. తన మాటకు ఎదుటోళ్లు నవ్వాలె, లేకుంటె కొట్లాటకన్న రావాలె, ఊకుంటె ఆయనకు ఊపిరాడదు. ఒకప్పుడు ఆయన దుకాణం ముంగట సినిమలు ఎక్కిచ్చుకుంటందుకు మెమరీ కార్డులు పట్టుకొని జనం లైను కట్టేది. ఇప్పుడు సినిమలు ఎవ్వల చేతులల్ల వాళ్లకే ఉన్నయి. ఫోన్ కవర్లకు, గ్లాసులకు తప్ప ఆయనను పలకరించేటోళ్లు లేరు. మిగిలింది ఈ చాయ్ హోటలే. ఈ పిల్లను ఎట్లనన్న నవ్వియ్యాలె అనుకొని, బల్ల మీద బాసింపట్లు ఏసుకొని కూసున్నడు.

"ఈ కాపీల లైన్ల నేను చేసినంత ఎవ్వలు చెయ్యలె చెల్లె. మెమరీ కార్డుల జమానా యాదికున్నదా జైపాలన్న?"

"ఎందుకు లేదు? భజన పాటలు ఎక్కియ్యమంటె నడుమ డాన్సు పాట ఎక్కిచ్చినవ్. మా అమ్మ పూజల కూసొని బటన్ వత్తింది."

"అది వైరస్ అన్న, నాది కాదు తప్పు. మాట ఇను. గప్పట్ల సినిమ పొద్దుగాల రిలీజైతె మాపటికల్ల నాకాడ ఉండేది. ఇంతమటుకు నమ్ముతరు గద?"

"నమ్ముతం," అన్నడు భిక్షం చాయ్ వడగడుతు.

"తర్వాత తర్వాత, రిలీజు రేపంటె ఇయ్యాలనే నాకాడ ఉండేది."

"అదెట్ల?"

"నెట్టు స్పీడన్న! అందరికి కంపెనోడు తెచ్చిన వైరు. నాది నేను సొంతంగ మెలేసిన వైరు. ఎంత స్పీడంటె, రేపు తెరుసుకునే సైటు ఇయ్యాలనే తెరుసుకునేది. గా స్పీడుతోనే ఒకపారి మస్తు కథయింది. చందనవెల్లిల కంప్యూటర్లు పెట్టిన పెద్ద పెద్ద బిల్డింగులున్నయి గద? దేశంల ఉన్న డేటా అంత ఆడికే వస్తదంటరు. నేను ఈడ కూసొని డౌన్‌లోడ్ నొక్కిన. బోరు మోటరు నీళ్లను గుంజినట్టు, ఆ డేటా అంత సర్రున నా దిక్కే గుంజుకొచ్చింది. ఆడ లైట్లు బందు, ఏసీలు బందు, ఆఫీసర్లు నెత్తి మీద చేతులు పెట్టుకున్నరు. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా?"

"ఏమైంది?"

"పెన్‌డ్రైవు నిండింది. నిండినంక ఆగాలె గద, ఆగలె. బరువెక్కుకుంట పోయింది. బల్ల కాలు ఇరిగింది. ఎత్తుదామంటె లేవలె. జైపాలన్న, నీ అసొంటి ట్రాలీ ఒకటి కిరాయికి పిలిస్తె, ఎనుకకు పెన్‌డ్రైవు పెట్టంగనే ముందు టైరు గాలిల లేసింది."

"దానికి ముందు ఒక్కటే టైరుంటది."

"గదే లేసింది."

"అండ్ల ఏముండె, గంత బరువు?" అని అడిగింది కవిత.

కథ మొదలైనంక ఆమె నోటెంట వచ్చిన మొదటి మాట అది. ఎల్లేశ్‌కు పానం లేసొచ్చింది.

"అన్ని ఏడుపు సినిమలు చెల్లె. కన్నీళ్లకు బరువుండదా మరి?"

కవిత పెదవి జర కదిలింది. ఇగ ఎల్లేశ్‌ను పట్టుకునుడు ఎవ్వల తరం కాదు.

"ఇయ్యన్ని చిన్న ముచ్చట్లు. అసలుది ఇనుండ్రి. జన్వాడ కాడ ఒక ఫామ్‌హౌజుల పెద్ద డైరెక్టర్ కథ రాసుకుంటందుకు దిగిండు. వైఫై నడుస్తలేదని నన్ను పిలిపిచ్చిండు. నేను పొయ్యేసరికి ఆయన మధ్యాన్నం బిర్యాని తిని సోఫాల పండుకున్నడు. నేను నా ఫోన్ తీసి బ్లూటూత్ ఆన్ చేసిన. చేస్తె ఒక కొత్త పేరు కనవడ్డది. ఏమని? 'డైరెక్టర్ తలకాయ' అని!"

జైపాల్ నోట్లె చాయ్ నోట్లెనే ఆగింది.

"నొక్కినవా?"

"నొక్కకుంట ఉంటనా?"

"పాస్‌వర్డ్ అడగలేదా?" అన్నడు భిక్షం.

"అడిగింది. గప్పుడే ఆయన గురక పెట్టిండు. గదే పాస్‌వర్డ్. తలుపు తెరుసుకున్నట్టు తెరుసుకున్నది. ఆయన కలల సినిమ నడుస్తున్నది, నా ఫోన్‌లకు దిగుతున్నది. రిలీజుకు ముందు తెచ్చుడు ఏం గొప్ప? ఇంకా హీరోనే దొరకని సినిమను నేను దించిన! మంచిగ ఇంటర్వెల్ దాక దిగింది. గప్పుడు ఆయన ముక్కు మీద ఈగ వాలింది. దిగ్గున లేసిండు. లేసేసరికి కథ మొత్తం మర్సిపోయిండు."

"మరి ఇది కాపీ కాదు గదన్న," అన్నది కవిత. "ఆయనకాడ ఏం మిగలలె."

ఎల్లేశ్ చెయ్యి అడ్డం ఊపిండు. "అందుకే గద చెల్లె, వాపస్ ఇచ్చేసిన! జన్వాడకెల్లి ఈ హోటల్ దాక ప్రొడ్యూసర్ల కార్లు లైను కట్టినయి. అన్నా, మా కథ మాకియ్యమని ఏడుస్తున్నరు. ఇచ్చిన. కని సెకండాఫ్ లేకపాయె! ఆయనకు మల్ల కల పడదాయె! నువ్వే చెప్పు ఎల్లేశన్నా అన్నరు. గిట్లనే కూసొని చెప్పిన. ఆకరికి హీరోను సంపుదమన్నరు. నేను వద్దన్న. విలన్ జీబేసుకొని ఉరుకుతుంటడు, రోడ్డుకు అడ్డం ఒక బర్రెను పెట్టుమన్న. జీబాగింది. విలన్ హారన్ కొట్టిండు. బర్రె జరగలె."

ఎల్లేశ్ ఆగిండు. మెల్లగ మెడ తిప్పి, కండ్లు సగం మూసి, నోరు నెమరేసినట్టు ఆడించుకుంట, జైపాల్ దిక్కు బర్రె చూసినట్టే చూసిండు. చూస్తనే ఉన్నడు. భిక్షం నవ్వాపుకోలేక గంటె కింద పెట్టిండు.

"గట్ల చూసింది. చూసి చూసి, గా చూపుకు విలన్‌కు వాళ్లమ్మ యాదికొచ్చింది. స్టీరింగ్ మీద తలకాయ పెట్టి బొరబొర ఏడ్సిండు. శుభం!"

కవిత కొంగు నోటికడ్డం పెట్టుకొని మరీ నవ్వింది. ఎల్లేశ్‌కు కడుపు నిండింది.

"కథ మంచిగున్నది," అన్నడు జైపాల్ కండ్లు తుడుసుకుంట. "నువ్వెట్ల చెప్తవో చూద్దామని ఊకున్న గని, నేను దీన్ని మొన్న శంకర్‌పల్లిల ఇన్న."

"ఏంది ఇన్నది?"

"గిదే కథ. సెలూన్ల కూసుంటె సన్నీ అని ఒకడు చెప్తుండె. బ్లూటూతు, గురక, బర్రె, అన్ని. జన్వాడకు తనే పోయినన్నడు."

"సన్నీనా?" అన్నడు భిక్షం. "ఎండకాలమంత ఈడనే చాయ్ తాగుకుంట నీ కథలు ఇన్నడు గద వాడు."

ఎల్లేశ్ మొకం ఎర్రగైంది. బల్ల మీదికెల్లి దుంకి నిలవడ్డడు. "అది నాది! వాడెట్ల చెప్తడు? నన్ను ఒక మాట అడిగిండా? నా పేరన్న తీసిండా?"

కవిత గిలాస కింద పెట్టింది. "నీ కథ నీకాడనే ఉన్నది గదన్న," అన్నది. దెప్పినట్టు అనలె, మెల్లగనే అన్నది. "కాపీ చేసుకున్నడు, గంతే."

"అయినా నీకు జరిగింది వానికి జరగొద్దా?" అన్నడు భిక్షం. "జన్వాడల ఫామ్‌హౌజులు మస్తున్నయి. ఇంకో డైరెక్టర్ పండుకొని ఉంటడు."

"ఎట్ల జరుగుతదే?" అని వొర్రిండు ఎల్లేశ్. "మనిషి తలకాయకు యాడనన్న బ్లూటూత్ ఉంటదా? గురక పాస్‌వర్డ్ నేను పెట్టిన! ముందుగాల రోడ్డుకు అడ్డం కుక్క ఉండె. కుక్కయితె నవ్వొస్తలేదని తీసేసి, ఆలోచన చేసి చేసి బర్రెను తెచ్చిన. ఒక్కొక్క ముక్క నేను కట్టిన కథ అది!"

అనేసినంక తెలిసింది, ఏమన్నడో. జైపాల్ పగలవడి నవ్విండు. భిక్షం గూడ నవ్విండు. ఎల్లేశ్‌కు సిగ్గు రావాలె, వచ్చింది గూడ, కని కోపం ముంగట అది నిలవలె. మల్ల బల్ల మీద కూలవడ్డడు.

"జైపాలన్న," అన్నడు జరసేపటికి, "వాడు చెప్తుంటె బర్రె కాడ జనం నవ్విండ్రా?"

"జర నవ్విండ్రు."

"ఎప్పుడు? బర్రె అడ్డమొచ్చినప్పుడా, చూసినప్పుడా?"

జైపాల్ ఆలోచించిండు. "చూసుడు వాడు చెప్పనే లేదు. బర్రె వచ్చింది, పొడిసింది, విలన్ సచ్చిండు అన్నడు."

"పొడిసిందా?" ఎల్లేశ్ ముందుకు వంగిండు. "నా బర్రె పొడుస్తదా? ఊకె చూసుడే గదనే దాని పని! అది తీసేస్తె ఇంకేమున్నది కథల?"

మిగిలినోళ్లకు మల్ల నవ్వొచ్చింది. కవిత మాత్రం నవ్వలె.

"నాది గూడ గంతే అన్న," అన్నది. "మక్కచేన్ల మంచె మీద మా నాయిన నిద్రపోతె, లేస్తడేమోనని సిలుకలు సప్పుడు చెయ్యకుంట మేసినయని కట్టిన. వాళ్లు నాయినను తీసేసి బావను పెట్టిండ్రు."

"నాయిన జాగల బావనా?"

"డీజేకు బావయితె మంచిగుంటదంట."

జైపాల్ ఏదో అనబోతె ఎల్లేశ్ చెయ్యి పట్టి ఆపిండు.

"నాయిన ఉన్నది పాడు చెల్లె," అన్నడు. "భిక్షమన్న, గా పొయ్యి జర బందు పెట్టు, బుస్సుమంటున్నది."

హోటల్ తెరిసినంక మాపటిదాక పొయ్యి ఆర్పని భిక్షం, చెయ్యి తుడుసుకొని గ్యాసు నాబు తిప్పిండు. కవిత గొంతు సవరించుకున్నది.