ఇంటావిడ పెట్టిన పేరు

ఆదివారం పగలు అక్కాచెల్లెళ్ళు ఫోన్లో మాట్లాడుకుంటున్నారు. చెల్లెలు పైచదువుకని పరదేశంలో ఓ పాత కోట ఊరికి వెళ్ళి నాలుగు నెలలయింది.

"కింద నుంచి ఎవరో అరుస్తున్నారేంటే?"

"నేను అద్దెకుంటున్న ఇంటావిడ. 'వెళ్ళొస్తా' అని పిలుస్తోంది."

"తెలుగొచ్చా ఆవిడకి? ఎక్కడికి వెళ్తుందట?"

"ఎక్కడికీ కాదక్కా. అది నా పేరనుకుంటోంది."

"అదేం పేరే!"

"పొద్దున్నే గదికి తాళం వేస్తూ రోజూ 'వెళ్ళొస్తా' అంటాను. ఆవిడ కింద మెట్ల దగ్గర వింటూ ఉండేది. ఇప్పుడు రొట్టెల కొట్టాయన కూడా అలాగే పిలుస్తున్నాడు."

"ఖర్మ! తప్పని చెప్పలేకపోయావా?"

"చెప్పబుద్ధి కాలేదు. ఈ ఊళ్ళో నా చెవిన పడే తెలుగు మాట అదొక్కటే."

"అయినా ఖాళీ గదికి చెప్పడమేంటే, పిచ్చిమొహమా? గోడలు 'ఊఁ, వెళ్ళిరా' అంటాయా?"

"మూడొందల ఏళ్ళ గోడలక్కా. ఏదో ఒకరోజు అంటాయేమో."

"సర్లే. ఇక్కడున్నప్పుడు మాత్రం ఆ మాట నీ నోట్లోంచి ఊడిపడేది కాదు. బయల్దేరిన రోజు పెట్టె లాక్కుంటూ ఏమన్నావో గుర్తుందా?"

"వెళ్ళొద్దన్నావని అలిగి, 'పోతున్నా' అన్నాను."

"నేనూ పొమ్మన్నాను. గుమ్మందాకా కూడా రాలేదు."

"అందుకే అక్కా, రోజూ చెప్తున్నా."

అవతల కుక్కర్ కూత వేసింది, అక్క స్టవ్ కట్టేసిన చప్పుడు వినిపించింది.

"అక్కా, ఉన్నావా?"

"ఊఁ... వెళ్ళిరా."