గరుకు పోయిన బేట్

అలగ సూడకే కుమారీ. పొద్దున్నే నీ ఫొటోకి దండ ఏసినోణ్ని నానే, నామీదే గుడ్లురిమితే ఎలగ? అవును, బేట్ ముఖానికే పసుపు రాసీసినాను. అయితే ఏటి?

ఆటసామాన్ల కొట్టయితే మాత్రం, కొత్త సరుకొస్తే పసుపెట్టకండా కొక్కేనికి తగిలిస్తామేటి? మా నాయన కేరం బోర్డుకీ పెట్టేవోడు. నువ్వుంటే "పిడికి పెట్టయ్యా, ముఖానికొద్దు, గరుకు పోతాది" అని అరిసేదానివి. అరవడానికి నువ్వు నేవు. నూని కలిపి నున్నగా పామీసినాను.

సిన్న టెన్నిస్ లాటి నీ పికిల్‌బాల్ ఆటకి నువ్వు కోరుకున్న బేటే. ఫోన్లో సూసి సూసి, "పికిల్‌బాల్లో గట్టిగా కొట్టేవోళ్ల బేటయ్యా ఇది, నాలాటోళ్లకి" అన్నావు. తెప్పించినాను. ఈలోపల జొరం నిన్ను తీసుకుపోనాది. పెద్దకర్మ అయ్యాక పార్సిల్ వచ్చినాది. ఇంట్లో అందరూ గొల్లుమన్నారు. నాను సంతకం పెట్టి తీసుకున్నాను, అంతే. ఏటీ అనిపించనేదు. ఇప్పటికీ ఏటీ అనిపించడం నేదు. నిజమే సెప్తన్నాను.

నీతో జోడీ కట్టి ఆడే పింకీ నేదూ, రోజూలాగే ఇయ్యాలా నెల్లిమర్ల నుంచి వచ్చినాది. ఆదివారం శ్రీకాకుళం ఆడోళ్లతో ఫైనలంట. "పైడిరాజు మావా, అత్త బేట్ ఎలగుందో సూసి సెప్పు. నువ్వు బాగుందంటేనే పట్టుకెల్తాను" అంది. మరి బేట్ సంగతిలో నా మాటంటే ఇజీనగరం అంతా రాతి మీద గీత కదేటి? బాగోనిదాన్ని బాగుందని ఏ రోజూ అమ్మనేదు నాను.

కొట్టెనక కోర్టుకి ఎల్లినాము. నువ్వు పోనాక నాను అక్కడ కాలెట్టడం అదే మొదలు.

ముందు నానే పట్టినాను. బేట్ తల బరువు. పిడి పొడుగు, రెండు సేతులూ పడతాయి. నడిమికి తగిల్తే సరే, అంచుకి తగిలిందా, మణికట్టు తిరిగిపోతాది. నెట్టు దగ్గర మెల్లగా ఎయ్యబోతే బంతి ఎగిరి ఎక్కడికో పోతన్నాది. నాలాటి మెతకోడికి అది పనికిరాదే. దానికి తోడు పసుపూ నూనీ, బంతి జర్రున జారిపోతన్నాది. "మావా, ఏటిది, బంతి తిరగడం నేదు" అంది పింకీ గుంట. కుళాయి కాడ సబ్బెట్టి తోమినాను. మరక పోనేదు గాని గరుకు మల్లీ సేతికి తగిలినాది.

అప్పుడు దాని సేతికిచ్చి, నాను గోడవారన బంతులు ఏరతన్నాను.

కొట్టినాదే. టప్‌మని.

అచ్చం నువ్వు కొట్టినట్టే! కొట్లో కూకుని ఆ సప్పుడింటే, "ఇంక అయిపోనాది, మా ఆవిడ కొట్టీసినాది, టీకి వచ్చీస్తాది" అనుకునేవోణ్ని కదా. ఈరోజూ అలగే తలెత్తి సూసినాను. పింకీ. ఒట్టి పింకీ.

దాని తప్పేటి సెప్పు? బంగారంలాటి గుంట. మొకం ఎలిగిపోతంటే, "బాగుంది కదా మావా?" అంది.

బాగుందే. శానా బాగుంది. ఆ గుంట సేతిలో పడితే ఆదివారం దాన్ని ఆపేవోళ్లు నేరు.

"బాగోనేదమ్మా. పసుపు తగిలి గరుకు పోనాది. తిప్పి పంపించీయాల" అనీసినాను.

అవునే, అబద్దమే. మల్లీ ఆ సూపేటి? బేట్ సంగతిలో అబద్దమాడడం ఇదే మొదలు. నమ్మీసినాది మరి. నా మాట కదా! తన పాత బేట్ సంకలో ఎట్టుకుని ఆటో ఎక్కి ఎల్లిపోనాది.

నన్నేటి సెయ్యమంటావు? ఆ బేట్ ఇచ్చినానంటే, రోజూ దాంతో ఇక్కడే ఆడతాది. రోజూ ఆ సప్పుడు గోడ దాటి కొట్లోకి వస్తాది. రోజూ నాను తలెత్తి గుమ్మం కేసి సూస్తాను. నువ్వు రావు.

బేట్ నీ ఫొటో ఎనకాల ఎట్టీసినాను. అక్కడైతే ఎవులికీ కనపడదు.

ఆదివారం ఓడిపోతే ఓడిపోనీయే. నాకేటి.