సుమయ్యా ఇచ్చిన మాట

చదువు వయసు మళ్లాక నేర్చుకున్నాను. నెమ్మదిగా రాస్తాను, తప్పులుంటే మీరే దిద్దుకుని చదవండి.

మట్టెవాడ స్టూడియోలో సుమయ్యా లినక్స్ సర్వర్ ముందు కూర్చుంది. అందులో ఆమె తీసిన నిఖా ఫోటోలున్నాయి. ఆడవాళ్ల ఫోటోలు పరాయి మగవాళ్ల కంట పడవని ఆమె పెళ్లికూతురి తల్లికి మాటిచ్చింది. యజమాని ఓంప్రకాశ్ వెనకాలే నిలబడ్డాడు.

"ఫైర్‌వాల్ ఎవలు బంద్ చేసిండ్రన్నా?"

"నేనే. ఆల్బం ప్రెస్సోళ్లకు లాగిన్ అయితాంది గని ఫైళ్ల లిస్టు వస్తలేదన్నరు. బంద్ చేసిన, వచ్చింది."

"తాళం తిరగకపోతే గోడ కూలగొట్టుకున్నట్టుంది నీ తెలివి. పాస్‌వర్డ్ గూడ తీసేసినవా?"

"వాళ్లకు యాదికుండదని. మన ఫోటోలు ఎవలు చూస్తరు చెల్లె?"

"దునియా మొత్తం. లాగిన్‌కు ఒక పోర్టు, అంటే ఒక దర్వాజ, ఫైళ్లకు వేరే పోర్టులు. గా కొన్ని తెరిస్తే సాలు. ఊరందరికి కంప్యూటర్ సలహాలు చెప్తవు, గిది తెల్వదా?"

"జర మర్యాదగ మాట్లాడు. ఎవలన్న చూసిండ్రా ఏంది?"

"లాగ్ చూసిన, ప్రెస్సుల డిజైన్ చేసే ఆడామె తప్ప ఎవలూ రాలే. గది నీ తెలివి గాదు, నీ నసీబు."

ఆమె ఫైర్‌వాల్ మళ్లీ పెట్టి, కావలసిన పోర్టులు మాత్రం తెరిచింది. ఫోటోలకు కొత్త పాస్‌వర్డ్ పెట్టి ప్రెస్సులో డిజైన్ చేసే యమునకు ఫోన్ చేసి చెప్పింది. అటువైపు లిస్టు వచ్చిందన్నాకే ఫోన్ పెట్టేసింది.

"గింతదానికి ఎంత లొల్లి చేస్తివి. ఆ పాస్‌వర్డేందో నాకు గూడ చెప్పు."

"నీకెందుకు?"

"స్టూడియో నాది గాదా?"

"నువ్వు మొగోనివి గాదా అన్నా?"

మొగిలమ్మ, అరవై ఆరేళ్లు. ఇప్పుడు కేసముద్రంలో ఉంటున్నాను.