ముట్టుకోవద్దని రాసిన పాడె

నా పేరు గ్విలిమ్ పారీ. వయసు డెబ్బై ఒకటి. మధ్య వేల్స్‌లో నాంట్ హెలిగ్ ఊరికి ఎగువన, ఏటికి ఇవతల కొండ మీద ఉంటాను. నదుల్లో నీటిమట్టం కొలిచే ఉద్యోగం ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరయ్యాను. మా ఊరి మ్యూజియంలో జీతం లేకుండా పనిచేసే ఆరుగురిలో ఒకణ్ణి. ఇప్పుడు ఐదుగురం.

ఈరోజు 2016 ఫిబ్రవరి 22, సోమవారం. ఉదయం పదిన్నర. నన్నెవరూ పిలిపించలేదు. నా అంతట నేనే స్టేషనుకి వచ్చాను.

మ్యూజియం తాళం విరగ్గొట్టి పాత పాడెని ఎత్తుకుపోయాడని మా పొరుగు రైతు ఇద్వాల్ మీద మీరు కేసు రాశారు. అతని వయసు అరవై ఎనిమిది. కేసు నిలిస్తే అతని తుపాకీ లైసెన్సు పోతుంది. మార్చిలో గొర్రెలు ఈనుతాయి. తుపాకీ లేకపోతే పిల్లల్ని నక్కలు వదలవు. అందుకని జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

ఆ పాడె మీద మోసింది నా భార్య నెస్తాని.

మ్యూజియం పాత బడి గదిలో ఉంది. బుధవారం, శనివారం రెండు నుంచి నాలుగు దాకా తెరుస్తాం. పంతొమ్మిదేళ్ళ కిందట దాన్ని మొదలుపెట్టింది నెస్తా. వస్తువులన్నీ ఈ లోయలోని ఇళ్ళవాళ్ళు ఇచ్చినవే. ప్రతి వస్తువుకీ చీటీ రాసింది ఆమే. చీటీలో తప్పు ఉంటే ఆమెకి నిద్ర పట్టేది కాదు. తేదీలో ఆరు నెలలు తేడా వచ్చినా చీటీ మొత్తం మళ్ళీ రాసేది.

ఇద్వాల్‌కీ ఆమెకీ ఎప్పుడూ పడేది కాదని మీ కాగితాల్లో ఉన్నట్టు తెలిసింది. పడేది కాదన్నది నిజమే. వాళ్ళిద్దరూ ఐదో ఏట నుంచి ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నవాళ్ళు. ఇద్వాల్ వాళ్ళ తాత పొయ్యిలో కాల్చే మట్టిపెళ్ళలు కోసిన పార మ్యూజియంలో ఉంది. వచ్చినప్పుడల్లా అతను దాన్ని గోడ మీంచి తీసి పట్టుకునేవాడు.

"ఇద్వాల్, చెయ్యి తియ్."

"మా తాత పార ముట్టుకోడానికి నీ పర్మిషను కావాలా?"

"ఇచ్చేశావుగా. ఇప్పుడది అందరిదీ."

"అందరిదీ అయితే నాది కూడా కాదూ?"

"అందరిదీ అంటే ఎవరూ ముట్టకూడదని అర్థం. ముందు ఆ పుస్తకంలో సంతకం పెట్టు."

సందర్శకుల పుస్తకంలో అతను పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా సంతకం పెట్టలేదు. "నా ఊళ్ళో నేను సందర్శకుణ్ణా?" అనేవాడు. "రాయకపోతే నువ్వు వచ్చినట్టే కాదు" అనేది నెస్తా. ఈ పుస్తకం సంగతి మళ్ళీ వస్తుంది కనుక చెప్పాను.

ఇక తేదీల వారీగా.

ఫిబ్రవరి 8, సోమవారం మధ్యాహ్నం రెండుంబావుకి ఏటి మీద బళ్ళు వెళ్ళే వంతెన కొట్టుకుపోయింది. నేను కిటికీలోంచి చూశాను. గుట్టల వైపు వర్షం ముందురోజు నుంచి కొలుస్తూనే ఉన్నాను. పోతుందని తెలుసు. మిగిలింది కాలినడక వంతెన ఒక్కటే.

9వ తేదీ, మంగళవారం ఉదయం ఐదు నలభైకి నెస్తా పోయింది. ఇంట్లోనే. జబ్బు పదమూడు నెలలది. టైము ఎందుకు చూశానో తెలియదు. అలవాటు.

10వ తేదీన అంత్యక్రియలు చూసే ఆయన కాలినడకన వచ్చాడు. కారు రాదని, వంతెన వెయ్యడానికి కనీసం ఆరు వారాలు పడుతుందని చెప్పాడు. ఊరి చర్చి, శ్మశానం, మ్యూజియం ఏటికి అవతల ఉన్నాయి. కాలినడక వంతెన వెడల్పు ముప్పై అంగుళాలు. శవపేటికను చేతులతో మోస్తే మనుషులు రెండు పక్కలా నిలబడాలి. చోటు చాలదు. హాల్లో నిలబడి అతను, నేను ఈ లెక్కే మూడుసార్లు వేశాం. ఇద్వాల్ గుమ్మంలో నిలబడి విన్నాడు. ఎగువ అడవి దారిన ట్రాక్టరు వెళ్తుంది కదా, ట్రైలర్ మీద తీసుకెళ్ళొచ్చని అంత్యక్రియలాయన అన్నాడు.

"ట్రైలర్ మీద గొర్రెల్ని తోలుకెళ్తాను. నెస్తాని కాదు" అన్నాడు ఇద్వాల్. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

11వ తేదీ, గురువారం నేను ఇల్లు కదల్లేదు. ఆరోజు ఏం జరిగిందో నాకు ఆ తర్వాత తెలిసింది.

12వ తేదీ, శుక్రవారం ఉదయం తొమ్మిదింబావుకి ఇద్వాల్, ఇంకో ఏడుగురు మా వాకిట్లోకి వచ్చారు. వాళ్ళ భుజాల మీద మ్యూజియంలోని పాడె ఉంది. మా ఊరికంతా ఒకప్పుడు అదే పాడె. ఓక్ చెక్కది. వెడల్పు ఇరవై రెండు అంగుళాలు. మోసేవాళ్ళు పక్కల్లో కాదు, ముందూ వెనకా ఉంటారు. ఇలాంటి దారుల కోసమే దాన్ని చేశారు. నాకు తట్టలేదు. ముప్పై నాలుగేళ్ళు కొలతలే నా పని. అయినా తట్టలేదు.

"తాళంచెవి ఎక్కడిది?" అని అడిగాను.

"నీకెందుకయ్యా. కోటు వేసుకో, చలిగా ఉంది."

పదీ ఇరవైకి బయల్దేరాం. పదకొండూ యాభై ఐదుకి చర్చి చేరాం. వాన పడుతూనే ఉంది. మా దారిలో పదకొండు గేట్లు ఉన్నాయి. గొర్రెల దేశంలో తెరిచిన ప్రతి గేటూ మళ్ళీ వెయ్యాలి. పాడె మోసేవాళ్ళు పదకొండుసార్లు ఆగాలి. ఒక్కసారి కూడా ఆగలేదు. ప్రతి గేటు దగ్గర ఒక మనిషి నిలబడి ఉన్నారు. మేం వచ్చేసరికి తెరిచి పట్టుకున్నారు. మేం దాటాక వేసి, వెనకాల కలిశారు. ఎవరు ఏర్పాటు చేశారని అడిగాను. ఎవరూ చెయ్యలేదన్నారు.

ఏడో గేటు దగ్గర బ్లోద్వెన్ ఉంది. ఆమె వెన్న తీసే పీపా ఇస్తానంటే నెస్తా వద్దంది. మా దగ్గర మూడున్నాయంది. బ్లోద్వెన్ నాలుగేళ్ళుగా నెస్తాతో మాట్లాడలేదు. గేటు పట్టుకుని, పాడె పక్కగా వెళ్తుంటే, "మాది ఆ మూడింటికన్నా మంచిది, తెలుసా" అంది. నాతో కాదు.

వంతెన మీద ముందు ఇద్వాల్ ఒక్కడు, వెనక ఒక్కడు పట్టుకున్నారు. అప్పటికి నెస్తా బరువు నలభై కిలోలు.

పాడె వెనక కొయ్యకి నెస్తా రాసిన చీటీ తెల్లటి టేపుతో కట్టి ఉంది. విప్పడం ఎవరికీ గుర్తులేదో, విప్పకూడదనుకున్నారో తెలియదు. నేను దాని వెనకే నడిచాను. తొంభై ఐదు నిమిషాలు అది నా ముందు ఊగింది. అందులో ఇలా ఉంది: "ఊరి పాడె. ఓక్. సుమారు 1840. చివరిసారి వాడినది: మార్చి 1961. దయచేసి ముట్టుకోవద్దు."

13వ తేదీ, శనివారం మధ్యాహ్నం రెండింటికి అలిసన్ క్రూ మ్యూజియం తెరవడానికి వెళ్ళింది. ఆవిడ మా ఆరుగురిలో కొత్త. పట్నం నుంచి వచ్చి మూడేళ్ళయింది. ఆ వారమంతా కూతురి దగ్గర ఉండి అప్పుడే తిరిగొచ్చింది. గొళ్ళెం విరిగి ఉంది, పాడె లేదు. పక్క లోయలో పోయినేడు పాత సామాన్ల దొంగలు పడ్డారు. ఆవిడ మీకు ఫోన్ చేసింది. ఆవిడ చేసింది సరైన పని. ఇది కూడా రాయండి.

16వ తేదీన మీవాళ్ళు ఇద్వాల్ కొట్టంలో టార్పాలిన్ కింద ఆ పాడెని కనుక్కున్నారు. బళ్ళు వెళ్ళే వంతెన లేదు కనుక దాన్ని అక్కడే ఉంచి వెళ్ళారు. అతను "తీసింది నేనే" అని ఒక్క ముక్క చెప్పి, ఆపైన నోరు విప్పలేదు.

నాకు ఇదంతా 20వ తేదీన, దుకాణంలో బ్రెడ్డు కొంటుంటే, బ్లోద్వెన్ చెబితే తెలిసింది. అటునుంచి అటే ఇద్వాల్ ఇంటికి వెళ్ళాను.

"తాళం ఎందుకు పగలగొట్టావు? తాళంచెవి మా ఇంట్లో ఉందిగా."

"ఎక్కడుంది?"

అది నెస్తా స్వెట్టర్ జేబులో ఉంది. ఆ స్వెట్టర్ ఆమె మంచం పక్క కుర్చీ మీద ఉంది. ఇప్పటికీ అక్కడే ఉంది.

"నాకు తెలుసు ఎక్కడుందో" అన్నాడు ఇద్వాల్. "ఆ గదిలోకొచ్చి నిన్ను అదెలా అడగనయ్యా? రెండోది అలిసన్ దగ్గరుంది, ఆవిడ ఊళ్ళో లేదు. గడ్డపార నా చేతిలో ఉంది."

"మరి తిరిగి పెట్టకుండా కొట్టంలో ఎందుకు దాచావు?"

"దాచానా? ఆరబెట్టానయ్యా! తడి చెక్క లోపలికి తెస్తే మీ ఆవిడ నన్ను బతకనిచ్చేదా? పోయినసారి తడి బండి తెచ్చానని వారం తిట్టింది. రెండు వారాలు గాలికి ఆరాలి, ఎండ తగిలితే పగులుతుంది, తడి ఉంటే పురుగు పడుతుంది. ఆమె చెప్పిందే."

"ఆ మాట పోలీసులతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే తిన్నగా నీ దగ్గరికొస్తారు. శవాన్ని ఎన్నింటికి తీశారు, ఎవరు మోశారు అని కూర్చోబెట్టి అడుగుతారు. అప్పటికి పూడ్చి వారం కూడా కాలేదు."

"నీ తుపాకీ పోతుంది."

"నక్కలకి పండగ" అన్నాడు. నాకు టీ ఇచ్చాడు.

21వ తేదీ, ఆదివారం నాలుగింటికి మేం ఐదుగురం మ్యూజియంలో కలిశాం. అలిసన్ ఏడ్చింది. "నాకు ఒక్కరైనా చెప్పలేదేమిటండీ?" అంది.

"మేం ఎవరికీ ఏదీ చెప్పమమ్మా. అందరికీ తెలిసే ఉంటుందనుకుంటాం" అన్నాను. అది మా ఊరి తప్పు. ఆవిడది కాదు.

అప్పుడు నేను సందర్శకుల పుస్తకం తెరిచాను. ఫిబ్రవరిలో జనం రారు కనుక దాన్ని ఎవరూ చూడలేదు. ఆ పుస్తకం మీ ముందు పెట్టాను. చివరి పేజీ చూడండి. 11వ తేదీ, మధ్యాహ్నం మూడూ పది. నాలుగు పేర్లు ఉన్నాయి. మొదటిది ఇద్వాల్‌ది. అతని చేతిరాత నాకు తెలుసు. సందర్శకుల అభిప్రాయం అన్న గడిలో ఇలా రాసి ఉంది: "పాడె తీసుకెళ్తున్నాం. ఆరాక తెస్తాం. ముట్టుకున్నందుకు ఏమీ అనుకోకు, నెస్తా."

పట్టపగలు, దుకాణానికి ఎదురుగా తలుపు తెరిచి, పుస్తకంలో సంతకం పెట్టి, విరిగిన చెక్క పేళ్ళు ఊడ్చి వెళ్ళిన మనిషిని ఏమంటారో మీరే చూడండి. మిగతా ముగ్గురు కూడా వచ్చి చెబుతామన్నారు. మ్యూజియం తరఫున ఐదుగురం సంతకాలు పెట్టిన కాగితం జతచేశాను. మాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు.

కృతజ్ఞత అనే మాట వాంగ్మూలంలో రాస్తారో లేదో నాకు తెలియదు. రాయమని అడుగుతున్నాను. ఇద్వాల్‌తో కలిపి పాడె మోసిన ఎనిమిది మందికి, పదకొండు గేట్ల దగ్గర నిలబడిన పదకొండు మందికి. వాళ్ళకి నేను ఇప్పటిదాకా నోటితో చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను.

మీవాళ్ళు ఈ ఉదయం మళ్ళీ కొట్టానికి వెళ్ళి చూసిన చీటీ మీద దిద్దుబాటు ఎవరు చేశారని మీరు అడిగారు. నేను. నిన్న రాత్రి ఏడింటికి ఇద్వాల్ కొట్టానికి వెళ్ళి చేశాను. వానకి సిరా కొంచెం అలుక్కుంది కానీ ఆమె అక్షరాలు నిలిచాయి. "మార్చి 1961" అన్నది ఒక్క గీతతో కొట్టేసి, పక్కన "12 ఫిబ్రవరి 2016" అని రాశాను. తప్పు చీటీ ఆమె ఉంచేది కాదు. కింది వాక్యం జోలికి పోలేదు. మ్యూజియం వస్తువు మీద అనుమతి లేకుండా చెయ్యి వేసింది ఈ మొత్తంలో నేనొక్కణ్ణే. ఎవరి మీదైనా రాయాలంటే నా మీద రాయండి.

ఇది నా నోటి మాట. కానిస్టేబుల్ లౌరి గారు రాసి చదివి వినిపించగా పూర్తిగా విన్నాను. టైములు రెండుసార్లు సరిచూసుకున్నాను. ఇందులో నాకు తెలిసి అబద్ధం లేదు.

గ్విలిమ్ పారీ (సంతకం)
22 ఫిబ్రవరి 2016, ఉదయం 11.50