రౌతుకు తగిన గొంతు

గుర్రమెక్కిన ఆ నల్లజాతి మనిషికి విలన్ గొంతు పెట్టమని తాను ఎందుకు చెప్పినట్టు? రాజమండ్రిలోని తన చిన్న డబ్బింగ్ గదిలో, తెలుగులోకి మారుస్తున్న ఇంగ్లీషు సినిమాలో తెర మీద ఆగిన కౌబాయ్ బొమ్మను చూస్తూ స్టూడియో యజమాని తనను తానే ప్రశ్నించుకున్నాడు. ఆ పాత్రకు గొంతిచ్చిన, కొవ్వూరు నుంచి వచ్చే టీచరు మైకు ముందు నుంచి కదలలేదు.

“సాయంత్రం యూట్యూబ్‌లో పెట్టేస్తున్నాం మాస్టారూ. ఇంకేంటండి?”

“హీరో ఇతనేనండి. మీరు ఆ ఊరి పోలీసు, ఆ తెల్ల షెరీఫ్ అనుకున్నారు.”

“సినిమా అంతా చూసే తీరికేదండి? మొహాలు చూసి గొంతులు పంచేశాను.”

“తల్లి సమాధి దగ్గర ప్రార్థన కూడా గరగర గొంతుతోనే చెప్పించారు.”

“చవక సినిమా. ఎవరు పట్టించుకుంటారు?”

“తీసినవాళ్లు పట్టించుకున్నారు కదండీ. డబ్బుల్లేకపోయినా ఇతన్నే హీరోని చేశారు.”

యజమాని నవ్వబోయి మానుకున్నాడు.

“ఇన్నేళ్లూ మీకు విలన్లనే ఇచ్చాను. అదీ మీ మొహం రంగు చూసేనంటారా?”

“అది మీకే తెలియాలండి.”

తెలుసు. ఆయన సినిమాను వెనక్కి జరిపి, తల్లి సమాధి దగ్గర ఆపాడు.

“ప్రార్థన ఒక్కటీ మీ మామూలు గొంతుతో చెబుతారా?”

“మొత్తం పాత్ర చెబుతాను. సాయంత్రానికి మాత్రం అవదండి.”

“అయినప్పుడే పెడదాం.”

ఆయన పాత ట్రాకు చెరిపేసి, రికార్డింగ్ మీట నొక్కాడు.