హాజా జుహూర్ ఇంటికి బార్లీ రొట్టె వచ్చిన రోజు

ఇంతకీ ఇవాళ పొద్దున మీరు తిన్న రొట్టె ఎవరింటిది? అదేం ప్రశ్న అన్నట్టు మొహమొహాలు చూసుకుంటారేం! ఇబ్తిసామ్, నిన్నేనే. మనింటిదా? రొట్టె మీద మన గుర్తు చూశావా? చూడలేదు. పైన గుడ్డ మనది గనక కింద రొట్టె కూడా మనదే అనుకున్నావు. ఈ మెక్నెస్ ఊళ్లో, ఈ సందులోనే, ఒకనాడు అందరూ అలాగే అనుకుని రొట్టెల చెక్క పలకలు ఇంటికి మోసుకుపోయారు, అంతే, సాయంత్రానికి ఊరు తలకిందులైంది. అంతా బతూల్ పని. బతూల్ ఎవరా? అదిగో, ఆ గోడమీద ఫోటోలో నా పక్కన నవ్వాపుకోలేక వంగిపోయి ఉందే, ఆ పిల్ల. ఫోటో తీసేవాడు "నవ్వొద్దు, కదలొద్దు" అన్నాడు. అది చాలదూ దానికి!

నువ్వూ నీ స్నేహితురాళ్లూ ఏదో సోషియాలజీ అంటారు చూడండి, ఆధునిక సమాజం, సంప్రదాయ సమాజం, ఈ దేశం వేరు ఆ దేశం వేరు అని, పొద్దున్నుంచీ నా వంటింట్లో కూచుని నా టీ తాగుతూ కొట్టుకుంటున్నారే, ఆ కొట్లాట మేమెప్పుడో కొట్టుకున్నాం. అప్పట్లో మా ఎదురింటి కలిగిన మనిషి, మక్కా వెళ్లొచ్చిన హాజా జుహూర్ కొడుకు జలీల్ పారిస్‌లో చదివి దిగాడు. మెడలో టై, చేతిలో తోలు సంచీ. మాట్లాడితే ఎక్కడివాళ్లక్కడ నోరు తెరుచుకుని వినేవాళ్లు, అబద్ధమెందుకు, అందగాడు కూడా. మునిసిపాలిటీ వాళ్లు సందులో అందరి రొట్టెలూ కాల్చే మన వీధి బట్టీ మూసేద్దామా వద్దా అని యువజన సంఘాన్ని అడిగారు. జలీల్ చర్చ పెట్టించాడు. మొదటిరోజు ఏమన్నాడో తెలుసా? గొంతు ఇలా పెట్టి, "సోదరులారా, అక్కడ ప్రతి మనిషీ ఒక మనిషి. ఇక్కడ మనుషుల్లేరు, గుంపుంది. ఒకే బట్టీ ముందు, ఒకే పిండి, ఒకే రొట్టె, ఒకే బుర్ర. ఇంటికో పొయ్యి వచ్చిననాడు మనం ఆధునికులమవుతాం!" చప్పట్లు. సంఘంలో అందరూ మగవాళ్లే కదా, పిండి పిసికిన చెయ్యి ఒక్కటీ లేదు. బతూల్ ఒక్కతే తలుపు పక్కన నిలబడి వింది. కాలేజీ డిబేట్లలో మగపిల్లల్ని ఏడిపించిన పిల్ల, ఆ పూట ఒక్క మాటా మాట్లాడలేదు. అప్పుడే అనుకున్నా, ఏదో మూడిందిరా అని.

ఇల్లిల్లూ తిరిగింది. "రేపు ఓటింగు, రండమ్మా, బట్టీ పోతే మీదే చాకిరీ" అని. ఆడవాళ్లేమో, "పో బతూల్, మాకు మెంతికూర కోసుకునే పనుంది, మీ చర్చలు మాకెందుకు" అన్నారు. మా అమ్మే తలుపు వేసేసింది దాని మొహాన. సరే, మర్నాడు మధ్యాహ్నం. బట్టీ నడిపే బా అల్లాల్ కాలిన రొట్టెలు ఎవరి పలకలు వాళ్లకి సర్ది, గోడవారగా పెట్టి, నమాజుకి వెళ్లాడు. ఈ మహాతల్లి లోపలికి దూరి, గుడ్డలూ పలకలూ అలాగే ఉంచి, కింద రొట్టెల్ని మాత్రం ఆ పలకవి ఈ పలకలోకీ ఈ పలకవి ఆ పలకలోకీ మార్చేసింది! నాక్కూడా చెప్పలేదు చూడు, దొంగది.

మాది బార్లీ ఇల్లు. అర్థమైందా? తెల్లపిండి పండగకే. అందుకే మా అమ్మ గుడ్డని రెండు మడతలు వేసి కప్పేది, దారిలో ఎవరూ చూడకూడదని. ఆ రోజు గుడ్డ తీశానా, తెల్లగా, మెత్తగా, పైన నువ్వులు, లోపల సోంపు వాసన! మా అమ్మ, "ముట్టుకోకే ఫత్తూమా, ఎవరిదో!" అని అరుస్తూనే ఉంది, మా నాన్న తుంచి నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు. "ఎవరిదో కనుక్కో, కానీ నెమ్మదిగా కనుక్కో" అన్నాడు. ఈలోగా బయట కేకలు. హాజా జుహూర్, గుమ్మం దాటి రాని మనిషి, చెప్పులు మర్చిపోయి బట్టీ ముందు నిలబడింది, చేతిలో నల్లటి బార్లీ రొట్టె. "ఎవరే నా ఇంటి మీద కన్నేసింది?" పాపం బా అల్లాల్ తల పట్టుకుని, "నాకు మతి పోయింది, ఇంక నన్ను పాతిపెట్టండి" అంటాడు. మెట్టు మీద బతూల్, పిల్లిలా కూచుని, "సాయంత్రం అసరు నమాజయ్యాక యువజన సంఘానికి రండి, ఎవరి రొట్టె ఎవరికి పోయిందో అక్కడ తేలుతుంది. రొట్టె మాత్రం మర్చిపోకండి!"

ఏదీ, టీ పొయ్యి కొంచెం. ఆఁ. అక్కడ జలీల్ మొదలుపెట్టాడు, "ఆధునిక సమాజ లక్షణమేమిటంటే..." తలుపు ధడేల్ మంది. వీధి ఆడవాళ్లందరూ, చంకన రొట్టెలతో! ముందు వాళ్లమ్మ. "ఒరే జలీల్, నీ సమాజం సంగతి తర్వాత చూద్దాం గానీ, నా రొట్టె ఏదిరా?" ఇంక చూడు, కుర్చీలు పడిపోయేలా నవ్వులు. అప్పుడు లేచింది బతూల్, అయ్యగారూ అన్నట్టు ‘సీ’ తగిలించి. "సీ జలీల్, ఇవాళ మీరు తిన్న రొట్టె ఎలా ఉందండీ?" "బాగుంది... బార్లీ. అమ్మ కూడా పారిస్ డాక్టర్లు చెప్పినట్టు తింటోందనుకున్నాను." మళ్లీ నవ్వులు. బతూల్ హాజా చేతిలోది ఒక చేత, నా చేతిలోది ఒక చేత లాక్కుని పైకెత్తింది. "నిన్న మీరు ఒకే పిండి, ఒకే రొట్టె అన్నారు. చూడండి, ఇది ఒకటేనా? పారిస్‌కీ మనకీ తేడా తెలుసుకోడానికి సముద్రం దాటారు. మీ గుమ్మానికీ ఎదురుగుమ్మానికీ తేడా తెలుసుకోడానికి సందు దాటలేదు. ఈ సందులో అందరి పలకలూ ఒకచోట కలిసేది ఆ బట్టీ దగ్గరే. అదీ మూసేస్తే ఇంక గుడ్డ తీసేదెవరు?" నాకు చెవులు కాలిపోయాయే అమ్మాయ్. మా ఇంటి రొట్టె అక్కడ, అందరి ముందూ! దాన్ని చంపేద్దామనిపించింది. హాజా నా వైపు తిరిగి, పైనుంచి కిందికి చూసి, "ఇది మీదా? ఉప్పు సరిగ్గా పడింది" అంది. అంతే. మర్నాటి నుంచి మాకు తెల్లపిండి పంపిందనుకునేరు, చిటికెడు పంపలేదు! కానీ అంతకుముందు నా సలాముకి గడ్డం ఆడించేది, ఆ తర్వాత నోటితో బదులు చెప్పేది.

ఓటింగ్. చేతులెత్తమన్నారు. మగవాళ్లలో ఎక్కువమంది మూసెయ్యమన్నారు. వద్దనేవాళ్లు అనగానే ఆడవాళ్ల చేతులన్నీ లేచాయి, రొట్టెలతో సహా. కార్యదర్శి, "ఆడవాళ్లు సభ్యులు కారు, ఈ చేతులు లెక్కలోకి రావు" అన్నాడు. బతూల్ వాడివైపు చూడనేలేదు. జలీల్ వైపు తిరిగి, తేనె కారుతున్నట్టు, "మీరే చెప్పండి సీ జలీల్. ఆధునిక సమాజంలో ఈ చేతులు లెక్కకొస్తాయా, రావా? నిదానంగా ఆలోచించుకోండి, అందులో మీ అమ్మగారి చెయ్యి కూడా ఉంది." జలీల్ వాళ్లమ్మని చూశాడు, ఇంక నవ్వు, ఏమి నవ్వనుకున్నావు, టై వదులు చేసుకుని మరీ నవ్వి, "వస్తాయి. ఓడిపోయాను, రాసుకోండి" అన్నాడు. అదీ అతని గొప్పతనం, కాదనను. చర్చలో ఓడి కూడా తన మాట మీద నిలబడ్డ మగవాణ్ని ఆ ఒక్కణ్నే చూశాను. బట్టీ నిలిచింది.

బతూలా? రబాత్ వెళ్లింది, పాఠాలు చెప్పింది, అందరితో కొట్లాడింది. ఆఖరికి ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఆసుపత్రిలో ఆఖరిసారి చూడబోతే, మూత కట్టిన గిన్నె తీసుకెళ్లాను, విప్పకుండానే అంది, "ఎవరింటిదే ఫత్తూమా?" ...

సరేలే. అప్పుడు పాతదని ఈ బట్టీ మూసేస్తామన్నారు. ఇప్పుడేమో పాతదే ముచ్చటగా ఉందని, మూసేసి, తాడు కట్టి, వచ్చినవాళ్లకి టికెట్టు పెట్టి చూపిస్తారట! అంటే నిన్నటిదాకా మేం వెనకబడ్డవాళ్లం, రేపట్నుంచి బొమ్మలం. మధ్యలో రొట్టె కాల్చుకునే మనుషులం ఎప్పుడయ్యామట? రేపు మునిసిపాలిటీ హాల్లో మీటింగు. మీరు మీ సిద్ధాంతాలు ఇక్కడ నా గోడలకి చెప్పడం చాలించండి. ఇబ్తిసామ్, నువ్వు ఎడంవైపు ఇళ్లు, నీ స్నేహితురాళ్లు కుడివైపు. ప్రతి తలుపూ కొట్టండి. మొహాన వేస్తే మళ్లీ కొట్టండి. రేపు ప్రతి చెయ్యీ అక్కడ లేవాలి, చేతిలో రొట్టె ఉండాలి. లే, ఇంకా కూచున్నావేం? పిండి పొంగింది. ముందు ఆ పలక ఎత్తుకుని బట్టీకి పదండి. గుడ్డ కప్పకండి.